లైసెన్సు తుపాకీతో విమాన ప్రయాణం: వరంగల్ నుంచి బయల్దేరేవారికి సమగ్ర మార్గదర్శి

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, ఎక్కడి వారైనా విమానం ఎక్కాలంటే శంషాబాద్ చేరాల్సిందే. వరంగల్ శివారులోని మామునూరు విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి 2025లో కేంద్రం పచ్చజెండా ఊపింది గానీ అక్కడి నుంచి ప్రయాణికుల విమానాలు ఇంకా మొదలు కాలేదు. అంటే లైసెన్సు తుపాకీ వెంట తీసుకువెళ్లే ఉత్తర తెలంగాణ ప్రయాణికుడు విమానం ఎక్కేలోపే ఆయుధంతో గంటల తరబడి రోడ్డు మీద ప్రయాణించాలి. ఆ రోడ్డు ప్రయాణానికీ చట్టం వర్తిస్తుంది.

ఈ అవసరం మన ప్రాంతంలో చాలా మందికే పడుతుంది. జాతీయ పోటీలకు ఢిల్లీ, భోపాల్ వెళ్లే షూటర్లు ఉన్నారు. సైన్యంలో పదవీ విరమణ చేసి, సొంత తుపాకీతో భద్రతా ఉద్యోగానికి వేరే రాష్ట్రం వెళ్తున్నవారు ఉన్నారు. తాత కాలం నాటి పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత) తుపాకీని తన పేరు మీదికి మార్చుకుని, ఉద్యోగరీత్యా ఊరు మారుతున్నవారూ ఉన్నారు. వీరందరికీ నేను ముందుగా చెప్పేది ఒక్కటే: తుపాకీ ఉన్న పెట్టె మీద ఎంత శ్రద్ధ పెడతారో, తుపాకీ లేని సంచుల మీద అంతకు రెట్టింపు శ్రద్ధ పెట్టండి. డిక్లేర్ చేసి, అంటే వెంట ఉందని ముందే సిబ్బందికి చెప్పి, అప్పగించిన ఆయుధం సజావుగానే విమానం ఎక్కుతుంది. చేతిసంచి అడుగున మరిచిపోయిన ఒక్క తూటా మాత్రం మనిషిని పోలీసు స్టేషన్ దాకా తీసుకుపోతుంది. దాని గురించి కింద వివరంగా రాశాను.

మొదట లైసెన్సు పుస్తకం చదవండి

చాలా మంది ఏళ్ల తరబడి లైసెన్సు పుస్తకాన్ని బీరువాలో దాచి, రెన్యూవల్ నాడు మాత్రమే బయటికి తీస్తారు. ప్రయాణం అనుకున్న రోజే దాన్ని తీసి, మొదటి పేజీ నుంచి చివరి ముద్ర దాకా చదవండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది చెల్లుబాటు పరిధి. లైసెన్సు ఒక జిల్లాకో, రాష్ట్రానికో, దేశమంతటికో చెల్లుతుంది. జిల్లా పరిధి మాత్రమే ఉన్నవారు తుపాకీతో జనగామ దాటి భువనగిరి వైపు వెళ్తేనే షరతు ఉల్లంఘించినట్టు. రాష్ట్ర పరిధి ఉంటే శంషాబాద్ దాకా ఇబ్బంది లేదు, కానీ విమానం దిగేది ఢిల్లీలోనో ముంబైలోనో అయితే అక్కడ మీ లైసెన్సు చెల్లదు. దేశవ్యాప్త పరిధి లేకుండా వేరే రాష్ట్రానికి తీసుకువెళ్లాలంటే లైసెన్సు ఇచ్చిన అధికారి నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి పొందాలి. వరంగల్, కరీంనగర్, రామగుండం, నిజామాబాద్ కమిషనరేట్ల పరిధిలో ఉన్నవారు పోలీసు కమిషనర్ కార్యాలయంలోనూ, ములుగు, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వంటి చోట్ల ఉన్నవారు కలెక్టర్ కార్యాలయంలోనూ దరఖాస్తు చేసుకోవాలి. ఇది ఒకటి రెండు రోజుల్లో తేలే పని కాదు. టికెట్టు కొన్నాక పరుగులు పెట్టకుండా, అనుమతి చేతికి వచ్చాకే టికెట్టు కొనండి.

మన జిల్లాల్లో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు మరొకటి ఉంది. 2014 జూన్ 2కు ముందు తీసుకున్న పాత లైసెన్సుల మీద పరిధి 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం' అని ఉంటుంది. 2016లో జిల్లాలు విడిపోయాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. ఇల్లు మారకపోయినా చిరునామాలో జిల్లా పేరు రెండు మూడు సార్లు మారిన కుటుంబాలు ఉన్నాయి. వరంగల్‌లో ఇది అందరికీ తెలిసిన సంగతే గానీ, లక్నోలోనో జైపూర్‌లోనో తనిఖీ చేసే అధికారికి మాత్రం ఆధార్ మీద ఒక జిల్లా, లైసెన్సు మీద మరో జిల్లా కనిపిస్తాయి. రెన్యూవల్ సమయంలో సరిచేయించుకోకపోయి ఉంటే ఇప్పుడే చేయించుకోండి.

పేరు కూడా సరిచూసుకోవాలి. లైసెన్సు మీద ఇంటిపేరు ఒక్క అక్షరంతో సరిపెట్టి, ఆధార్ మీద పూర్తిగా రాసి, టికెట్టు మీద చివరికి నెట్టేస్తే ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు. టికెట్టునైనా లైసెన్సులో ఉన్న పేరుకు వీలైనంత దగ్గరగా తీసుకోండి.

ఇక గడువు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. తిరుగు ప్రయాణం తేదీ నాటికి కూడా గడువు మిగిలి ఉండాలి. పుస్తకంలో యూఐఎన్ అనే విశిష్ట గుర్తింపు సంఖ్య ఉందో లేదో చూడండి, అది లేని లైసెన్సు చెల్లదు. తుపాకీ మీద చెక్కిన నంబరును, బోరును పుస్తకంలో రాసినదానితో అక్షరం అక్షరం పోల్చండి. పాత తుపాకుల మీద నంబరు అరిగిపోయి 3, 8 ఒకేలా కనిపిస్తాయి. భూతద్దం పట్టి చూసి, స్పష్టంగా ఫోటో తీసి ఉంచుకోండి.

లైసెన్సు ఎవరిదో ప్రయాణికుడు వారే కావాలి. తండ్రి లైసెన్సు మీది తుపాకీని కొడుకు విమానంలో తీసుకుపోవడం కుదరదు. 21 ఏళ్లు నిండనివారికి మామూలు లైసెన్సు రాదు కనుక, చిన్న వయసు షూటర్ల తుపాకీ కూడా లైసెన్సుదారు వెంటే ప్రయాణించాలి.

ఎన్నికల కోడ్ ఉందేమో చూడండి

ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమల్లోకి రాగానే లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గానీ డిపాజిట్ చేయమని ఆదేశాలు వస్తాయి. మన దగ్గర ఇది అందరికీ అలవాటైన విషయమే. చాలా మంది మరిచిపోయేది అవతలి వైపు సంగతి. తెలంగాణలో ఎన్నికలు లేకపోయినా మీరు దిగబోయే రాష్ట్రంలో ఉండవచ్చు. అక్కడ ఆయుధాలతో తిరగడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వులు ఉంటే మీ దేశవ్యాప్త లైసెన్సు కూడా మిమ్మల్ని కాపాడదు. క్రీడాకారులకు, బ్యాంకు భద్రతా సిబ్బందికి మినహాయింపులు ఇస్తారు. ఆ మినహాయింపును కాగితం మీద తీసుకోండి, నోటిమాట మీద బయల్దేరకండి.

టికెట్టుకు ముందు విమానయాన సంస్థతో మాట్లాడండి

ఆయుధాల విషయంలో అన్ని సంస్థల పద్ధతీ ఒకటి కాదు. దేశీయ విమానాల్లో మామూలు ప్రయాణికుడికి ఒక తుపాకీ, 50 తూటాలు అన్నది మన సంస్థలు సాధారణంగా పాటించే హద్దు. పోటీలకు వెళ్లే క్రీడాకారులకు రైఫిల్ సంఘం లేఖ ఉంటే అంతకు మించి ఒప్పుకునే వీలుంది. కొన్ని సంస్థలు ఆయుధానికి విడిగా రుసుము తీసుకుంటాయి. అంగీకరించాలా వద్దా అన్న తుది నిర్ణయం ఎప్పుడూ సంస్థదే.

అందుకని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఊరుకోకుండా ఈమెయిల్ రాయండి. ప్రయాణం తేదీ, పీఎన్ఆర్ (టికెట్టు బుకింగు నంబరు), తుపాకీ రకం, బోరు, తయారీ సంస్థ, నంబరు, తూటాల సంఖ్య, వాటి బరువు, లైసెన్సు నంబరు, యూఐఎన్ అన్నీ అందులో ఉండాలి. వచ్చిన జవాబును ప్రింటు తీసి లైసెన్సుతో పాటు పెట్టుకోండి. కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికి ఆయుధం అంగీకరించిన అనుభవం లేకపోవచ్చు, ఆ కాగితం చూస్తే పని కదులుతుంది.

నేరుగా వెళ్లే విమానమే ఎంచుకోండి. మధ్యలో మారాల్సి వస్తే, ముఖ్యంగా సంస్థ కూడా మారితే, మధ్య విమానాశ్రయంలో పెట్టె తీసుకుని మళ్లీ మొదటి నుంచి డిక్లేర్ చేయాల్సి రావచ్చు. రెండు మూడు వేలు ఎక్కువైనా నేరుగా వెళ్లేదే మేలు.

తుపాకీని ఖాళీ చేయడం

ఈ పని ఇంట్లోనే, పగటి వెలుతురులో, పిల్లలు లేని గదిలో, తొందర లేని వేళ చేయాలి. ప్రయాణం నాటి తెల్లవారుజామున చేయవద్దు. మొదట, ఆ గదిలో ఉన్న తూటాలన్నీ పక్క గదికి తరలించండి. గొట్టం మొనను మనిషి లేని వైపు, ఇటుక గోడ వైపు ఉంచండి. వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లోకి పోకూడదు.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే జోడు గొట్టాల పన్నెండు బోరు తుపాకీని ఖాళీ చేయడం తేలిక. పైనున్న లివరు పక్కకు నెట్టి గొట్టాలను వంచండి. రెండు రంధ్రాల్లోనూ ఇత్తడి అంచు కనిపించకూడదు. గొట్టాలను కిటికీ వైపు పట్టి వెనుక వైపు నుంచి చూస్తే అవతలి వెలుగు రెండు నిండు వృత్తాలుగా కనిపించాలి. వెలుగు సగమే కనిపించినా, మసకగా ఉన్నా లోపల ఏదో అడ్డం ఉన్నట్టే. ఆ తరువాత చిటికెన వేలును రెండు రంధ్రాల్లోనూ పెట్టి తడిమి చూడండి, కన్ను పొరబడినా వేలు పొరబడదు. అప్పుడు ముందు చెక్కను ఊడదీసి, గొట్టాలను వెనుక భాగం నుంచి విడదీస్తే తుపాకీ మూడు ముక్కలవుతుంది. విడదీసిన తుపాకీ పేలే ప్రశ్నే లేదు. తనిఖీ అధికారికీ ఒక్క చూపులో అర్థమవుతుంది.

పిస్టల్ విషయంలో వరస తప్పకూడదు. ముందు తూటాలు నింపే డబ్బాను, అంటే మేగజైన్‌ను బయటికి తీయాలి, తరువాతే స్లైడు వెనక్కి లాగాలి. తారుమారైతే, గొట్టం వెనుక తూటా కూర్చునే చాంబర్‌లోని తూటా బయటపడిన వెంటనే మేగజైన్‌లోని మరో తూటా ఆ స్థానంలోకి ఎక్కుతుంది. స్లైడును వెనక్కి నిలిపి చాంబర్‌ను చూసి, తడిమి నిర్ధారించుకోండి. మేగజైన్‌లో కూడా ఒక్క తూటా ఉండకూడదు. రివాల్వర్ అయితే సిలిండర్‌ను పక్కకు తెరిచి, తూటాలు రాల్చి, ప్రతి రంధ్రంలోంచీ వెలుగు కనిపిస్తోందో లేదో ఒక్కొక్కటిగా చూడండి. పాయింట్ టూ టూ (.22 బోరు) రైఫిల్‌కు బోల్టు పూర్తిగా తీసి విడిగా చుట్టి పెట్టండి.

ఖాళీ అయిందో లేదో తెలుసుకోవడానికి ట్రిగ్గర్ నొక్కి చూసే అలవాటు ఉన్నవారు దాన్ని మానుకోవాలి. ఎక్కడైనా అనుమానం మిగిలితే మీ కోచ్‌కో, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరుకో చూపించి ఖాళీ చేయించుకోండి.

పెట్టె ఎలా ఉండాలి

కాన్వాస్ కవరు రేంజికి (షూటింగ్ సాధన చేసే చోటుకు) తీసుకుపోవడానికి పనికొస్తుంది, విమానానికి కాదు. గట్టి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం పెట్టె కావాలి. లోపల మందపాటి ఫోము ఉండి, తుపాకీ భాగాలు ఒకదానికొకటి తగలకుండా వాటి వాటి గుంటల్లో కూర్చోవాలి. మూత మూసి పెట్టెను ఊపితే లోపలి నుంచి ఏ చప్పుడూ రాకూడదు.

జిప్పు ఉన్న సూట్‌కేసును నమ్మవద్దు. దానికి తాళం వేసినా, బాల్‌పెన్ మొనతో జిప్పు పళ్ల మధ్య గుచ్చి విడదీయవచ్చు. పని అయ్యాక జిప్పును మళ్లీ అటూ ఇటూ లాగితే తెరిచిన ఆనవాలు కూడా మిగలదు. రెండు చోట్ల విడిగా తాళం వేయగలిగిన పెట్టెనే తీసుకోండి. మూత ఒక మూల ఎత్తి చూస్తే సందు తెరుచుకోకూడదు. తాళంచెవి మీ జేబులోనే ఉండాలి, చెక్-ఇన్ చేసే మరో సంచిలో వేయకండి.

పెట్టె మీద తుపాకీ కంపెనీల స్టిక్కర్లు, రైఫిల్ క్లబ్బు గుర్తులు ఉంటే తీసేయండి. పెట్టె మూత లోపల మీ పేరు, ఫోను నంబరు, లైసెన్సు నకలు అతికించండి. జోడు గొట్టాల తుపాకీ గొట్టాలు దాదాపు 30 అంగుళాలు ఉంటాయి కనుక పెట్టె దానికి సరిపోవాలి. దేశీయ ఎకానమీ టికెట్టుకు చాలా సంస్థలు ఇచ్చే చెక్-ఇన్ బరువు 15 కిలోలే. పెట్టె, తుపాకీ కలిసి అందులో సగానికి పైగా తినేస్తాయి. అదనపు బరువుకు ముందే డబ్బు కడితే చౌక.

తుడిచే సామగ్రిలో బ్రష్షులు, గుడ్డలు, కడ్డీ చెక్-ఇన్ పెట్టెలో పెట్టవచ్చు. కిరోసిన్, పెట్రోలు, థిన్నరు, మంటకు అంటుకునే ఏ ద్రావకమూ ఏ సంచిలోనూ ఉండకూడదు. తుపాకీకి నూనె రాసి ఉంటే పొడిగుడ్డతో పల్చగా తుడిచేయండి.

తూటాలు

తుపాకీ తూటాలు అంతర్జాతీయ ప్రమాదకర సరుకుల వర్గీకరణలో 1.4ఎస్ (ప్రమాదం తక్కువగా ఉండే పేలుడు పదార్థాల) తరగతి కిందికి, యూఎన్ 0012, యూఎన్ 0014 నంబర్ల కిందికి వస్తాయి. ఈ తరగతివి మాత్రమే, సంస్థ అనుమతితో, చెక్-ఇన్ సామానులో మాత్రమే, సొంత వాడకానికి మాత్రమే అనుమతిస్తారు. ప్యాకింగుతో కలిపి మనిషికి 5 కిలోలు మించరాదు. ఇద్దరు కలిసి వెళ్తున్నామని ఇద్దరి వాటా ఒకే పెట్టెలో కలపకూడదు. పేలుడు గుండ్లు, నిప్పు అంటించే గుండ్లు పూర్తిగా నిషిద్ధం.

ఐదు కిలోలు అంటే ఎన్ని? పాయింట్ టూ టూ తూటా ఒక్కోటి మూడున్నర గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అనుమతి ఉన్న క్రీడాకారులు 500 తూటాలు కట్టినా రెండు కిలోల లోపే. ఎగిరే మట్టి పలకలను కాల్చే ట్రాప్, స్కీట్ ఆడేవారి సంగతి వేరు. పన్నెండు బోరు తూటా ఒక్కోటి, లోపలి రవ్వల బరువును బట్టి, 40 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. నూరు దాటి కొంచెం ముందుకు పోగానే హద్దు వచ్చేస్తుంది. అందుకే ఈ విభాగం షూటర్లు పోటీ జరిగే చోట తూటాలు దొరికే ఏర్పాటు ఉందేమో నిర్వాహకులను ముందే అడగడం మంచిది. విమానయాన సంస్థ ఎన్ని ఒప్పుకున్నా లైసెన్సులో రాసి ఉన్న పరిమితిని మాత్రం దాటరాదు.

తూటాలను కంపెనీ అట్టపెట్టెల్లోనే ఉంచండి. విడి తూటాలను ప్లాస్టిక్ సంచిలో, సాక్సులో, మేగజైన్‌లో పెట్టడం అసలు కుదరదు. తెరిచిన అట్టపెట్టెలో ఖాళీ మిగిలితే కాగితం ఉండలు కుక్కి కదలకుండా చేయండి. అట్టపెట్టెలన్నిటినీ గట్టి చెక్క, ఫైబరు లేదా లోహపు పెట్టెలో అమర్చి తాళం వేయండి. తుపాకీ ఉన్న పెట్టెకు ఇది వేరుగా ఉండాలి. రెండింటినీ ఎలా ట్యాగు చేయాలో కౌంటర్ సిబ్బంది చెబుతారు. తూటాలు లెక్కపెట్టి, రకం, సంఖ్య, బరువు కాగితం మీద రాసి ఒక ప్రతి పెట్టెలో, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. వంటింటి కాటా మీద తూచినా చాలు.

విడి మందుగుండు, నల్ల తుపాకీ మందు (గన్‌పౌడర్), తూటాను పేల్చే విడి క్యాపులు విమానంలోకి ఏ రూపంలోనూ రావు. మొన నుంచి మందు కూరే భర్మార్ తుపాకీకి లైసెన్సు ఉన్నా దాని మందును ఇంటి దగ్గరే వదలాలి.

అసలు ప్రమాదం: మరిచిపోయిన తూటా

దేశంలోని విమానాశ్రయాల్లో చేతిసంచుల్లో తూటాలు దొరికిన కేసులు తరచూ వార్తల్లో వస్తుంటాయి. వాటిలో చాలా వాటి వెనుక కుట్ర ఏమీ ఉండదు. తండ్రి రేంజికి తీసుకుపోయిన సంచిని కూతురు కాలేజీ ప్రయాణానికి వాడుకుంటుంది. లైసెన్సు ఉన్న మామయ్య కోటు మేనల్లుడు వేసుకుంటాడు. స్కానర్ తెర మీద తూటా ఆకారం స్పష్టంగా కనపడుతుంది. సంచి పక్కకు పోతుంది, పోలీసులు వస్తారు, విమానం వెళ్లిపోతుంది.

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా కలిగి ఉండటం నేరం. 25వ సెక్షన్ కింద, 2019 సవరణ తరువాత, శిక్ష రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా పడవచ్చు. తన దగ్గర ఉన్నట్టు తెలిసి ఉండటమే స్వాధీనం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. ఆ సూత్రం మీదే హైకోర్టులు ఇలాంటి కేసులు ఎన్నో కొట్టేశాయి. కానీ కొట్టేసేదాకా వకీలు ఫీజు, వాయిదాలు, పాస్‌పోర్టు ధ్రువీకరణలో చిక్కులు, ఉద్యోగానికి దరఖాస్తు చేసినప్పుడు కేసు వివరం రాయాల్సి రావడం, ఇవన్నీ భరించాల్సింది ఏ పాపం ఎరుగని ఆ పిల్లలే. ఒక్క అరగంట వెతుకులాటతో తప్పించగల బాధ ఇది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

వెతకడం ఇలా. నేల మీద తెల్లటి దుప్పటి పరిచి, సంచిలోని ప్రతి వస్తువూ తీసేయండి. అన్ని జేబుల జిప్పులూ తెరిచి సంచిని తలకిందులుగా పట్టి గట్టిగా దులపండి. ఆ తరువాత లోపలి అస్తరును వేళ్లతో అంగుళం అంగుళం నొక్కుతూ రండి. పాయింట్ టూ టూ తూటా అంగుళం పొడవు ఉండే చిన్న పెన్సిల్ ముక్క లాంటిది. జేబు కుట్టు ఊడిన చోట నుంచి అస్తరుకూ గుడ్డకూ మధ్యలోకి జారిపోతే దులిపినా రాదు, వేలికే తగులుతుంది. అయస్కాంతంతో వెతకవచ్చు కదా అనుకోవద్దు. ఇత్తడి, సీసం అయస్కాంతానికి అంటవు.

షూటింగ్ జాకెట్, ప్యాంటు జేబులు, తూటాల పట్టీ, టోపీ మడత, బూట్ల లోపల, కారు డ్యాష్‌బోర్డు, సీటు వెనుక జేబు చూడండి. వాడేసిన ఖాళీ తూటా గొట్టాలను కూడా సంచిలో ఉంచవద్దు. తూటా ఆకారంలో ఉండే కీచైన్లు, లాకెట్లు ఇంట్లో వదిలేయండి. రేంజికి తీసుకుపోయే సంచిని చేతిసంచిగా అసలు వాడకండి. దానికి అంటుకున్న మందు అవశేషాలను పేలుడు పదార్థాలు పసిగట్టే యంత్రం పట్టుకునే అవకాశం ఉంది. చేతిసంచి కొత్తదో, ఎన్నడూ రేంజికి పోనిదో అయి ఉండాలి. ఇంట్లో లైసెన్సు ఆయుధం ఉన్న ప్రతి కుటుంబమూ, తుపాకీ లేకుండా చేసే ప్రయాణాలకు కూడా ఈ వెతుకులాట చేయాలి.

విమానాశ్రయంలో భద్రతా తనిఖీకి ముందే మీకు మీరుగా తూటా కనుగొంటే చెత్తబుట్టలో పడేయకండి. కెమెరాలు ఉంటాయి, అది దాచే ప్రయత్నంలా కనిపిస్తుంది. దగ్గర్లో విమానాశ్రయ భద్రత చూసే కేంద్ర బలగం సీఐఎస్‌ఎఫ్ సిబ్బందికి చెప్పి లైసెన్సు చూపండి. తనిఖీలో దొరికితే వాదించకుండా జరిగింది జరిగినట్టు చెప్పండి, లైసెన్సు చూపండి, ఇంటికీ వకీలుకూ ఫోను చేసుకుంటానని అడగండి.

ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్

మన పిల్లల్లో ఎక్కువ మంది ఆడేది, గాలి ఒత్తిడితో గుళ్లు వదిలే ఈ ఆయుధాల పది మీటర్ల విభాగం. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ ఎయిర్ రైఫిల్‌తోనే. నిర్ణీత హద్దులకు లోబడిన 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ ఆయుధాలకు లైసెన్సు అక్కరలేదు. అయినా చేతిసంచిలో అనుమతించరు, డిక్లేర్ చేసి చెక్-ఇన్ చేయాలి. షూటరు గుర్తింపు కార్డు, పోటీ ప్రవేశ పత్రం, కొన్న బిల్లు వెంట ఉంచుకోండి. గాలి సిలిండరును విప్పి, లోపలి గాలి పూర్తిగా వదిలి, మీటరు సున్నా చూపేలా విడిగా పెట్టండి. గుళ్లలో పేలుడు పదార్థం ఉండదు కానీ వాటినీ చెక్-ఇన్ పెట్టెలోనే వేయండి.

శంషాబాద్ దారిలో

హనుమకొండ నుంచి ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ రింగు రోడ్డు పట్టుకుంటే శంషాబాద్ మూడు గంటల ప్రయాణం అనుకోండి. విమానం సమయానికి కనీసం మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. అంటే ఉదయం పదింటి విమానానికి తెల్లవారుజామున నాలుగు కాకముందే ఇల్లు కదలాలి. ఆదిలాబాద్, మంచిర్యాల వైపు వారు ముందు రోజే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లో దిగడం నయం.

సొంత కారు లేదా నమ్మకమైన టాక్సీ మంచిది. పెట్టె తాళం వేసి, బయటికి కనపడకుండా, మీరు కూర్చున్న బండిలోనే ఉండాలి. జనగామలోనో భువనగిరిలోనో టీకి ఆగినప్పుడు డ్రైవరును కాపలా ఉంచి దిగిపోవడం చాలా మంది చేసే పని. లైసెన్సు లేని మనిషి చేతిలో తుపాకీ వదిలి వెళ్లినట్టే అది. మీరు బండిలో ఉండి అతన్ని టీ తెమ్మనండి. దారిలో పోలీసు తనిఖీ ఎదురైతే వారు అడిగేదాకా ఆగకుండా, లైసెన్సు ఆయుధం ఖాళీ చేసి పెట్టెలో ఉందని ముందే చెప్పండి.

కౌంటర్ దగ్గర

వెబ్ చెక్-ఇన్, సామాను మనమే వేసే యంత్రం ఈ ప్రయాణానికి కావు. నేరుగా కౌంటరుకు వెళ్లి, గొంతు పెంచకుండా, స్పష్టంగా చెప్పండి: "నా వద్ద లైసెన్సు ఉన్న ఆయుధం ఉంది, ఖాళీ చేసి పెట్టెలో ఉంచాను, డిక్లేర్ చేయాలి." ఆ వెంటనే లైసెన్సు, గుర్తింపు కార్డు, ఈమెయిల్ ప్రతి అందించండి. పెట్టె మీద చెయ్యి వేయకండి. తెరవమని వారు చెప్పినప్పుడు, వారు చూపిన చోట మాత్రమే తెరవండి. జనం మధ్య మూత ఎత్తితే గందరగోళం అవుతుంది.

సంస్థ భద్రతా సిబ్బంది ఆయుధం ఖాళీగా ఉందని చూసి, నంబరు పోల్చి, డిక్లరేషన్ పత్రం మీద మీ సంతకం తీసుకుంటారు. సంతకానికి ముందు నంబరు, తూటాల సంఖ్య మీరే మరోసారి చదవండి. లైసెన్సు పుస్తకం అసలు ప్రతి చేతిలోనే ఉంచుకుని, నకళ్లు మూడు నాలుగు ఇవ్వడానికి సిద్ధంగా పెట్టుకోండి. పెట్టె మీ కళ్ల ముందే తాళం పడి, ట్యాగు పడి, సిబ్బంది చేతుల్లోకి వెళ్లాలి. దిగాక దాన్ని బెల్టు మీద తీసుకోవాలా, సిబ్బంది చేతికి ఇస్తారా అన్నది అక్కడే అడిగి తెలుసుకోండి.

విదేశీ పోటీలకు పోయేవారికి ఇవేవీ సరిపోవు. దిగే దేశం అనుమతి, మధ్యలో ఆగే దేశం అనుమతి, ఎగుమతి దిగుమతి పత్రాలు, కస్టమ్స్ ధ్రువపత్రం అన్నీ కావాలి. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం ద్వారానే ఆ పని నెలల ముందు మొదలుపెట్టండి.

దిగాక, తిరిగి వచ్చేటప్పుడు

పెట్టె అందగానే విమానాశ్రయం వదలకముందే తాళాలు, ట్యాగు, బరువు చూడండి. అనుమానం ఉంటే అక్కడి సిబ్బంది సమక్షంలోనే తెరిపించండి. అక్కడి నుంచి నేరుగా బసకు లేదా రేంజి ఆయుధాగారానికి వెళ్లండి. హోటల్ క్లోక్‌రూములో పెట్టి ఊరు తిరగడానికి పోవద్దు.

తిరుగు ప్రయాణానికి మొత్తం పద్ధతి మొదటి నుంచి మళ్లీ చేయాలి. ఈసారి తూటాల లెక్క మారుతుంది. తెచ్చినవి ఎన్ని, కాల్చినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అని రాసి కొత్త కాగితం తయారు చేసుకోండి, కొత్తగా కొన్నవాటి బిల్లు జతచేయండి. పోటీ అయిపోయిన సంతోషంలోనో, ఓడిన బాధలోనో జాకెట్ జేబుల్లో తూటాలు మిగిలిపోయేది సరిగ్గా ఈ పూటే. బస ఖాళీ చేసే ముందు దుప్పటి పరిచి అదే వెతుకులాట చేయండి.

పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటి బయటికి రావద్దు. విమానయాన సంస్థ సామాను విభాగంలో ఫిర్యాదు రాసి నంబరు తీసుకోండి. రేపు వస్తుందని వాళ్లు ఎంత నమ్మకంగా చెప్పినా అదే గంటలో విమానాశ్రయం పోలీసు స్టేషన్‌లో తుపాకీ నంబరు, తూటాల సంఖ్య ఇచ్చి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, రసీదు తీసుకోండి. ఆ ఫిర్యాదు నకలును మీ లైసెన్సు అధికారికి అదే రోజు ఈమెయిల్ చేసి, వరంగల్ చేరాక మీ స్టేషన్‌లో కూడా ఇవ్వండి.